చన్నీళ్ళ బిందె మీద తెల్లపొగ

కరుణ నన్ను ఒక ఇనుప మెట్ల వరస ఎక్కించి, అరచేయంత గాజు కిటికీ ముందు నిలబెట్టి, "చూడండి అత్తయ్యా, అదే" అంది. కరుణ మా తమ్ముడి కూతురు. ఇంజనీరు. గనుల వాళ్ళు పనికిరాదని పారబోసిన ఖనిజపు బూడిదలోంచి మిగిలిన లోహాలను రాబట్టే కర్మాగారంలో పనిచేస్తుంది. ఎన్నాళ్ళుగానో రమ్మంటోంది, మోకాళ్ళ నొప్పులని వాయిదా వేస్తూ వచ్చాను. నా వేషం చూస్తే మా అమ్మ నవ్వి ఉండేది. నెత్తిన పసుపు టోపీ, ముక్కుకీ నోటికీ అడ్డంగా బిగించిన మాస్కు, చీర కుచ్చిళ్ళు కనబడకుండా కప్పిన నీలం కోటు. ఆ కిటికీ అవతల మా వీధంత పొడవున్న ఇనుప గొట్టం నెమ్మదిగా తిరుగుతోంది. దాని లోపల నిప్పు ఎర్రగా కాదు, చూపు నిలపలేనంత తెల్లగా ఉంది. ఎర్రమట్టిలాంటి బూడిదలో ఉప్పుజాతి లవణం కలిపి సున్నుండలంత ఉండలు చేసి అందులో వేస్తారట. ఇనుము ఉండలోనే ఉండిపోతుంది. రాగి, సీసం, జింకు మాత్రం ఉప్పులోని క్లోరిన్‌తో జతకట్టి, ఆవిరై లేచిపోతాయి. "రాయిని కరిగించం అత్తయ్యా. అందులో ఉన్న లోహాన్ని లేపుతాం. పైకి లేచింది చల్లటి చోటికి వెళ్ళి వాలుతుంది. అక్కడ పట్టుకుంటాం" అంది కరుణ, మాస్కు వెనక నుంచి.

తర్వాత ఇంకో కిటికీ చూపించింది. అది చల్లటి చోటు. అక్కడ తెల్లటి పొగ, తొందరేమీ లేకుండా, వెలుతురులో తిరుగుతూ కిందికి దిగుతోంది. మబ్బుకీ పిండికీ మధ్య ఏదో పదార్థంలా ఉంది. నేను ఆ గాజు మీద చెయ్యి పెట్టాను. జీవితమంతా వేదికల మీద గొంతు చించుకున్న మనిషిని నేను. విభూతుల మీద, తాయెత్తుల మీద, గాలిలోంచి వస్తువులు తీసే వాళ్ళ మీద ఎన్ని వ్యాసాలు రాశానో నాకే లెక్క లేదు. ఆ తెల్లపొగను నేను అంతకుముందు ఒక్కసారే చూశాను. ఫ్రాకు వేసుకునే వయసులో, ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు పోతే వచ్చే సరుగుడు తోపుల మధ్య, ఒక తాటాకు పాకలో. అప్పుడూ ఇలాగే చూస్తూ నిలబడిపోయాను.

మా కోనసీమలో రాయి లేదు. ఈ సంగతి బయటివాళ్ళకు చెబితే నమ్మరు. నేలను ఎంత తవ్వినా ఒండ్రు, ఇసుక, నీళ్ళు. మా ఇంట్లో రుబ్బురోలు, తిరగలి, గడప ముందు కాళ్ళు కడుక్కునే పలక, అన్నీ ఎప్పుడో పడవల మీద వచ్చినవే. పిల్లలం కాకిని తోలడానికి కూడా కొబ్బరి పీచు ఉండచుట్టి విసిరేవాళ్ళం. పి.గన్నవరం అక్విడెక్టు మీద నాన్నగారి సైకిలు వెనక కూచుని వెళ్ళిన రోజు, కింద గోదావరీ పైన కాలవా పారుతుంటే అందరూ నీళ్ళను చూశారు, నేను ఆ కట్టడపు రాళ్ళను తడుముతూ కూచున్నాను. అటువంటి చోటికి ఒక మనిషి నెత్తిమీద గోనెమూటలో రాళ్ళు మోసుకొచ్చాడు. మామూలు రాళ్ళు కావు. నల్లవెండి రంగు, పగలగొడితే చిన్నచిన్న పెట్టెల్లా చీలతాయి, ప్రతి ముక్కా అద్దంలా మెరుస్తుంది. చేతిలోకి తీసుకుంటే చెయ్యి కిందికి జారేంత బరువు. రాయే వింత అయిన మా ఊళ్ళకు ఆ రాయి దేవుడైపోవడంలో ఆశ్చర్యమేముంది.

ఆయన పేరు ఎవరికీ తెలియదు. పొగతాతగారు అనేవారు. ముసలాయన కాదని ఇప్పుడు అర్థమవుతోంది, యాభై ఉంటాయేమో. మెట్ట దేశంలో ఎక్కడో గనిలో కూలిపని చేసి వచ్చాడు. పాకలో మూరెడు లోతు మట్టికుండలో బొగ్గులు రాజేసి, ఆ రాతిపొడిలో గుప్పెడు సముద్రపు ఉప్పు కలిపి నిప్పులో పోసి, తోలుతిత్తితో ఊదేవాడు. కాసేపటికి దట్టమైన తెల్లపొగ లేచేది. ఆ పొగకు ఎదురుగా చన్నీళ్ళు నింపిన ఇత్తడి బిందె వేలాడగట్టేవాడు. పొగ వెళ్ళి బిందె అడుగున తగిలి, చూస్తుండగానే మెత్తటి తెల్లని పొడిగా మారి అంటుకునేది. పొడిని కోడిఈకతో దులిపి పొట్లాలు కట్టేవాడు. దగ్గుకి, ఆయాసానికి, పిల్లల మూర్ఛకి. డబ్బు అడిగేవాడు కాదు, ఎవరైనా బియ్యం పెడితే తీసుకునేవాడు. నల్లరాయి పొగయింది, పొగ తెల్లటి మందయింది. నేను అమ్మ చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడి అది చూశాను. అమ్మ వేళ్ళు నా వేళ్ళ చుట్టూ బిగిశాయి. భయంతో కాదని నాకు తెలుసు. ఆవిడకు అంత అందంగా అనిపించింది.

అమ్మ పేరు రత్నం, ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు. తాతలు పొలాల్లో ఊడ్పులకు పోయిన ఇంట్లోంచి వచ్చి, మిషన్ బడిలో చదివి, చాకుపీసు పట్టింది. పొద్దున్నే కొబ్బరి డొక్కల పొయ్యిమీద అన్నం వార్చి, గంజిలో ఉప్పువేసి మాకు పోసి, తాను సగం తాగి, గొడుగు పట్టుకుని బడికి నడిచి వెళ్ళేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆవిడ కొంగుకి ప్రయోగశాల వాసన ఉండేది, స్పిరిట్ దీపం, గంధకం, ఏదో ఆమ్లం. మా నాన్నగారు తాలూకా కచ్చేరీలో గుమాస్తా. అది పగటిపూట ఉద్యోగం మాత్రమే. ఆయన అసలు వృత్తి వాదన. చర్చిలో పాస్టరుగారితో, మురమళ్ళలో పురోహితులతో, గోదావరి దాటే పంటు మీద తోటి ప్రయాణికులతో, ఎదుటివాడు దొరికితే చాలు. ఆదివారాలు సైకిలేసుకుని ఊళ్ళమీద పడి మూఢనమ్మకాల మీద మాట్లాడేవారు. గొప్ప గొంతు. జనాన్ని నవ్వించి, నవ్వుతుండగానే దెబ్బ కొట్టేవారు. నాకు అబ్బిన నోరు ఆయనదే. వీళ్ళిద్దరూ లేని వేళ మమ్మల్ని చూసేది నానమ్మ. ఒకప్పుడు ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పిన మనిషి. గుడ్డి వెలుతురులో లేచి పాట పాడుకుంటూ ఇల్లు ఊడ్చేది, గిన్నెలు పీచుతో బూడిదతో తోమేది, మధ్యాహ్నం తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని వీపు రుద్దేది. తమ్ముడు దయాకర్‌కి ఉబ్బసం. వానాకాలం వస్తే వాడి ఛాతీలోంచి పిల్లికూన కూతలు వినబడేవి. ఇల్లంతా నీలగిరి తైలం వాసన కొట్టేది.

పొగతాతగారి సంగతి నాన్నగారి చెవిన పడ్డప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. ఒక పొట్లమూ, ఒక రాతిముక్కా సంపాదించి అమ్మ ముందు పెట్టారు. అమ్మ రాతిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి చూసి, "సీసపు రాయండీ ఇది. మా బడి బీరువాలో దీని పిల్ల ఒకటుంది" అంది. ఉప్పు, సీసంరాయి, నిప్పు. సీసం ఉప్పులోని క్లోరిన్‌ని పట్టుకుని ఆవిరవుతుంది, చన్నీళ్ళ బిందె తగలగానే పొడిగా దిగుతుంది. తింటే విషం, ఒక్కసారికి తెలీదు, ఒంట్లో పేరుకుంటుంది. ఆవిడ ఈ నాలుగు ముక్కలూ చెబుతున్నప్పుడు గొంతులో కోపం లేదు. "ఎవరు నేర్పేరో గాని, పెద్ద పెద్ద కొలిమిల్లో చేసే పని ఇది. ఒక కుండా బిందే పెట్టి చేస్తున్నాడు ఆ మనిషి" అంది. నాన్నగారు వినిపించుకోలేదు. ఆయన మనసులో అప్పటికే సభ మొదలైంది.

రీడింగ్‌రూమ్ ముందర, ఆదివారం మధ్యాహ్నం, మంచి ఎండలో ఆ సభ జరిగింది. అమ్మ బడి నుంచి గాజు గొట్టాలు, స్పిరిట్ దీపం, ఒక రంగులేని లవణం తెచ్చుకుంది. ఇంటి దగ్గర బయల్దేరేముందు ఆవిడ మరీమరీ చెప్పింది. "ఏవండీ, ఇందులో పసుపురంగు వస్తుంది. వస్తే అది సీసం. ఆ మాట ముందే చెప్పేయండి, తర్వాత నేను చూపిస్తాను." నాన్నగారు "ఆయ్" అని తలూపారు. కాని వక్తకు ఒక జబ్బు ఉంటుంది. అసలు మాటను చివరి దాకా దాచుకుని, జనం ఊపిరి బిగబట్టాక విప్పడం. నాకూ ఉంది ఆ జబ్బు. నాన్నగారు దేవుడి దగ్గర మొదలుపెట్టి రాజుల మీదుగా కచ్చేరీ దాకా వచ్చి, పొగలో ఏముందో మీ కళ్ళతోనే చూడండి, తర్వాత నేను చెబుతాను అని చెయ్యి ఊపారు.

అమ్మ పొట్లంలోని పొడిని నీళ్ళలో మరిగించి వడకట్టింది. అద్దంలాంటి నీళ్ళు. అందులో తన లవణపు నీళ్ళు చుక్కలుగా వేసింది. గొట్టం నిండా చిక్కటి పసుపు. మళ్ళీ కాచింది. పసుపంతా కరిగి మాయమై తేటనీళ్ళు మిగిలాయి. జనంలోంచి చిన్న గొణుగుడు. అప్పుడు ఆ గొట్టాన్ని తడిగుడ్డలో పట్టుకుని ఎండకు ఎత్తింది. మొదట ఏమీ లేదు. తర్వాత నీళ్ళ మధ్యలో ఎక్కడినుంచో ఒక రేకు. మిణుగురు రెక్కంత. అది తిరిగి మెరిసింది. దాని పక్కన ఇంకొకటి. ఆ తర్వాత గొట్టం పైనుంచి కిందిదాకా వందల బంగారు రేకులు, ఒక్కొక్కటీ తనకు తానే తిరుగుతూ, ఎండను ఇటు విసిరి అటు విసిరి, తొందరలేకుండా రాలసాగాయి. ఇన్నేళ్ళ నా జీవితంలో అంతకంటే అందమైనదాన్ని నేను చూడలేదు. నాన్నగారు నోరు తెరిచి, మూయడం మరిచిపోయారు. ముందు వరసలో కూచున్న ఒక పెద్దాయన లేచి నిలబడి, భుజం మీద తువ్వాలు తీసి నడుముకు చుట్టుకుని, చేతులు జోడించాడు.

"టీచరమ్మగారూ, పొగలో బంగారముందని మాకు తెలీదండీ. మంచిపని చేసేరు, చూపించేరు" అన్నాడు.

"బంగారం కాదండీ, సీసం. విషం" అని నాన్నగారు అరిచారు.

"సీసమైతే నల్లగా ఉంటదండీ. మాకు తెలీదా ఏంటి" అన్నాడు ఇంకొకాయన.

వెనకనుంచి ఒక ఆడగొంతు తేలిగ్గా అంది. "మనం తింటుంటే విషమండీ. వాళ్ళింటికి పట్టుకెళ్ళి దాచుకుంటే బంగారం."

జనం నవ్వారు. జనాన్ని నవ్వించడం తన పనే అనుకునే నాన్నగారి ముందు, ఆయన మీద నవ్వారు. మర్నాడు సెలవు. పొగతాతగారి పాక ముందు వరస సరుగుడు తోపు దాటి రోడ్డెక్కిందని కచ్చేరీ బంట్రోతు వచ్చి చెప్పి వెళ్ళాడు. నాన్నగారు అన్నం ముందు కూచుని అమ్మనే చూస్తున్నారు. "రత్నం, నీ గాజు గొట్టం నా పది సంవత్సరాల నోటిని కట్టేసింది" అన్నారు. అమ్మ "ముందే చెప్పమన్నానండీ" అని పప్పు వడ్డించింది. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు, "ఇంకో పొట్లం దొరికితే బావుండును. రంగు కాదు, అసలు లోహాన్నే తీసి చేతిలో పెట్టాలి" అంది.

నానమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచింది. చేతులు చీరకు తుడుచుకుని, కొంగు చివర ముడి విప్పింది. అందులోంచి పొట్లం తీసి అమ్మ కంచం పక్కన పెట్టింది. ముఖంలో ఒక గర్వం, మంచి పని చేసి దాచుకున్న చిన్నపిల్ల గర్వం.

"నా దగ్గరుందమ్మాయ్. ముందే కనిపెట్టేను నేను. దయాకరుకి వానల్లోంచీ పెడతన్నాను, తేనెలో రంగరించి. ఆయాసం ఎలా తగ్గిందో చూసేవు గదా. నిన్న నీ గొట్టంలో ఆ బంగారం చూసేక, ఇవాళ పొద్దున్న రెండు చిటికెలు చేసేను. ఇది రాత్రికి."

వంటింట్లో కొబ్బరి డొక్క చిటపటమన్న చప్పుడు నాకింకా గుర్తు. అమ్మ చెయ్యి పప్పు గరిటె మీద ఆగిపోయింది. ఆవిడ తల తిప్పి తమ్ముణ్ణి చూసింది. వాడు గుమ్మంలో కాళ్ళు ముడుచుకుని, పొట్ట పట్టుకుని కూచుని ఉన్నాడు. కొన్నాళ్ళుగా అలాగే కూచుంటున్నాడు. పాములని, నులిపురుగులని నానమ్మ ఆముదం పట్టిస్తోంది. ముఖం పాలిపోయింది, విరేచనం సరిగ్గా లేదు, ఆటలకి పోవడం లేదు. ఇవన్నీ విడివిడిగా అందరికీ తెలిసినవే. ఆ క్షణాన అమ్మ కళ్ళలో అవన్నీ ఒకదానికొకటి కలుసుకున్నాయి. వానలు వెనకబట్టాయి గనక ఉబ్బసం తగ్గింది. పేరు పొగకి వచ్చింది. ఈ రెండు వాక్యాలను నేను తర్వాత ఎన్నో రూపాల్లో ఎన్నో సభల్లో చెప్పాను. ఏ సభలోనూ వాటికి ఆ వంటింట్లో ఉన్నంత బరువు రాలేదు.

నాన్నగారు లేచి నిలబడ్డారు. ఊళ్ళన్నీ తిరిగి చెప్పుకుంటున్నాను, నా ఇంట్లోనే, నా కన్నతల్లే, అని మొదలుపెట్టారు. నానమ్మ ఆయనకేసి చూసిన చూపు నేను మరిచిపోలేను.

"ఒరే అబ్బాయ్, నీ ఉపన్యాసాలకి పిల్లోడి ఆయాసం తగ్గిందేంట్రా? రాత్రంతా వీపు రుద్దింది నేను. నువ్వు ఆ వేళప్పుడు ముమ్మిడివరంలో దేవుడు లేడని చెప్తన్నావు."

"అత్తయ్యగారూ" అంది అమ్మ. ఆ పిలుపు చాలా మెత్తగా ఉంది. "ఈ పొట్లం నాకివ్వండి. మీ ముందే, మీరు కూచుని చూస్తుండగానే, ఇందులో ఉన్నది తీసి మీ చేతిలో పెడతాను. ఆ తర్వాత మీరే చెప్పండి పెట్టాలో వద్దో. మీరు పెట్టమంటే పెడదాం."

నాన్నగారు అదిరిపడ్డారు. ఇప్పుడనిపిస్తుంది, అమ్మకు వేరే దారి లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తమ్ముడు నానమ్మ చేతుల్లో ఉంటాడు. వద్దని ఆజ్ఞ వేస్తే, ఆ ప్రేమ దొంగచాటుగా చిటికెడు పెడుతూనే ఉంటుంది. ఆ చిటికెడు చాలు. నానమ్మ చెయ్యి తనంతట తాను ఆగాలి. లేకపోతే పిల్లవాడు దక్కడు.

అమ్మ బడికి వెళ్ళి సామాను తెచ్చుకుంది. వంటింటి తలుపులు, కిటికీ బార్లా తెరిచింది. తమ్ముణ్ణి పెరట్లో నాన్నగారి దగ్గర కూచోబెట్టింది. నన్ను గుమ్మం అవతల నిలబడమంది. ఆముదపు దీపం వెలిగించి, కట్టెబొగ్గు ముక్కలో చిన్న గుంట చెక్కింది. పొట్లంలో ఉన్నదంతా అందులో పోసి, కొంచెం చాకలిసోడా కలిపి, నీటిచుక్కతో తడిపింది. సన్నని ఇత్తడి ఊదుగొట్టం నోట్లో పెట్టుకుంది. బుగ్గలు పొంగించి, ముక్కుతో గాలి పీలుస్తూ, ఊపిరి తెగకుండా ఊదడం మొదలుపెట్టింది. దీపపు మంట పక్కకు వంగి, నీలం సూదిలా మారి బొగ్గుగుంటలో దిగింది. నానమ్మ పీట మీద కూచుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనేమో. తెల్లపొడి కరిగింది, ఉడికింది, చుట్టూ పసుపుపచ్చని అంచు కట్టింది. అమ్మ మెడ నరాలు తేలాయి, చెమట కనుబొమల మీదుగా జారుతోంది, ఊపిరి మాత్రం తెగడం లేదు. ఉన్నట్టుండి ఆ నురగ మధ్యలో ఒక మెరుపు చుక్క కదిలింది. పక్కనున్న చిన్న చుక్కలన్నీ పరుగెత్తుకుంటూ వచ్చి దానిలో కలిశాయి. పొగ అయి ఎగిరిన లోహం, బిందె మీద వాలి బూడిదైన లోహం, అమ్మ ఊపిరి తగిలి మళ్ళీ తన రూపంలోకి వచ్చి కూచుంది. గుండ్రంగా, అద్దంలా, పెసరగింజంత. నేను భక్తురాల్ని కాను, ఏనాడూ కాలేదు. కాని ఆ గుమ్మంలో నా మోకాళ్ళు వాటంతట అవే వంగాయి.

చల్లారాక అమ్మ దాన్ని పచ్చడిబండతో ఒక్క దెబ్బ కొట్టింది. మెత్తగా అణిగింది. కడిగి నానమ్మ అరచేతిలో పెట్టింది. ఉపన్యాసం లేదు, సీసమన్న మాట కూడా లేదు.

నానమ్మ దాన్ని అరచేతిలో ఎగరేసి బరువు చూసింది. గోటితో గీసింది. తర్వాత వంటింటి సున్నపు గోడ మీద రాసింది. గోడమీద బూడిదరంగు గీత పడింది. నానమ్మ పెళ్ళికి ముందు, ఓడలరేవు వైపు పల్లెకారుల ఇళ్ళలో వలలకు సీసం గుళ్ళు కట్టే కూలికి పోయేదట. ఆ సంగతి అమ్మకు ఎప్పుడో ఏ కబుర్లలోనో తెలిసింది.

"ఇది వలకి కట్టేదే" అంది నానమ్మ చివరికి.

"ఆయ్" అంది అమ్మ.

"వల మునగాలని కడతాం. ఇది కట్టకపోతే వల తేలిపోద్ది." పెరట్లోకి, తమ్ముడు కూచున్న వైపుకి చూసింది. "పిల్లోడి పొట్టకి కట్టేనా అమ్మాయ్, దీన్ని."

అమ్మ కిందికి వంగి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. నాన్నగారు పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

ఆ పూటే నానమ్మ చెప్పులైనా తొడుక్కోకుండా బయల్దేరింది, వెనకే అమ్మ, నేను. పాక ముందు వరసలో చంకన పిల్లల్ని పెట్టుకున్న తల్లులు. నానమ్మ వాళ్ళ దగ్గరికి పోయి, ఒక్కొక్కరి అరచేతిలో ఆ బిళ్ళ పెట్టి, వాళ్ళు పోల్చేదాకా ఆగి, తీసుకుని, పక్కవాళ్ళ చేతిలో పెట్టింది. సముద్రం పక్క ఊళ్ళ ఆడవాళ్ళు. వాళ్ళకు సీసం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. "ఇది మీ మందులోంచి వచ్చిందే అమ్మా, నా మనవడికి రాత్రికి పెట్టాల్సింది" అంటోంది అంతే. వరస మెల్లగా సడలి, విడిపోయింది. నాన్నగారి పదేళ్ళ వాగ్ధాటి చెయ్యలేని పని అది.

అమ్మ పాకలోకి వెళ్ళింది. పొగతాతగారు తిత్తి పక్కన కూచుని ఉన్నాడు. లేచి దణ్ణం పెట్టబోయాడు. చేతులు జోడించగలిగాడు గాని మణికట్లు నిలబడలేదు, రెండు చేతులూ ముందుకు వాలిపోయాయి. దీవించి దీవించి అలసిన చేతులని జనం అనుకునేవారు. అమ్మ ఆ మణికట్లను పట్టుకుని ఎత్తి, వదిలి చూసింది. మళ్ళీ వాలాయి. సీసం ఒంటికెక్కితే అలాగే అవుతుంది. "మీరూ తింటున్నారా అండీ దీన్ని?" అని అడిగింది.

"తినకుండా ఎదుటివాళ్ళకి ఎలా పెడతానండీ" అన్నాడు ఆయన. గని దగ్గర గుడిసెలో గంజి కాచుకుంటుంటే, పొయ్యిలో పడున్న రాతిపొడి మీద ఉప్పు ఒలికిందట. అప్పుడు లేచిందట ఆ తెల్లపొగ. అంతకు కొద్దిరోజుల ముందే కూతురు దగ్గుతో పోయింది. అది తన కోసమే, ఆలస్యంగా పంపిన మందనుకున్నాడు. అమ్మ అంతా విని, ఆ పొగ సంగతి చెప్పింది. మెల్లగా, బళ్ళో పిల్లలకు చెప్పినట్టు. ఆయన విన్నాడు. చివరికి బిందె కేసి చూసి, "మరి అంత తెల్లగా ఎందుకొస్తుందండీ?" అన్నాడు.

మర్నాడు అందరం బయల్దేరాం. ఎదుర్లంక దగ్గర పంటు ఎక్కి, గోదావరి దాటి యానాం మీదుగా కాకినాడ పెద్దాసుపత్రికి. పంటు మీద తమ్ముడు పొట్ట పట్టుకుని, పొగతాతగారు చేతులు ఒళ్ళో వదిలేసి, పక్కపక్కన కూచున్నారు. నాన్నగారు బత్తాయి కొని ఒలిచి తమ్ముడికి ఇచ్చారు. వాడు ఒక తొన తాను తిని, ఒక తొన పొగతాతగారి నోట్లో పెట్టాడు. ఆయన పట్టుకోలేడని వాడికి ఎవరూ చెప్పలేదు. తమ్ముడు చాలా వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. ఒక దశలో డాక్టరుగారు నాన్నగారిని వరండాలోకి పిలిచి మాట్లాడారు, ఆయన తిరిగొచ్చి గోడకు తల ఆనించుకున్నారు. అయినా వాడు తేరుకున్నాడు. రెండు చిటికెలు ఇంకొన్నాళ్ళు సాగి ఉంటే తేరుకునేవాడు కాదని ఆ డాక్టరే అన్నాడు. పొగతాతగారి చేతులు సగం నయమయ్యాయి. ఒక పొద్దున్న లేచి చూసేసరికి మంచం ఖాళీ. ఎటు వెళ్ళాడో ఎవరికీ తెలియదు. ఆయన రాళ్ళు అమ్మ బడి బీరువాలో చేరాయి.

ఇప్పుడా సరుగుడు తోపు లేదు. అంతా రొయ్యల చెరువులు, నీళ్ళను చిలికే చక్రాలు. కాని పొట్లం మాత్రం పోలేదు. దాని పేరు మారింది, ముద్రలు వేసుకుంది, ఫోనుల్లో తిరుగుతోంది. ఏదో భస్మం తిని తగ్గిందని ఒక ముఖం నవ్వుతూ చెబుతుంది, లక్షల మంది వింటారు, నాకు పంపించేది చదువుకున్న నా స్నేహితులే. నేను మండిపడతాను, రాస్తాను, రాసి ఓడిపోతాను. అలా ఓడినప్పుడల్లా ఆ గాజు గొట్టం గుర్తొస్తుంది. మేం హేతువాదులం జనం చేతిలోంచి లాక్కోవడమే నేర్చుకున్నాం. లాక్కున్న చోట ఏం పెట్టాలో అమ్మకు తెలుసు. బరువుగా, మెత్తగా, వాళ్ళు పుట్టినప్పటి నుంచి ఎరిగినదాన్ని పెట్టి, నోరు మూసుకుని పక్కన కూచోవాలి. అంతకుముందు మెడనరాలు తేలేలా ఊదాలి. ఆ ఊదడం నాకు చేతకాలేదు. నాకు వచ్చింది అరవడమే.

పొగతాతగారి ఆఖరి ప్రశ్నను నేను కర్మాగారంలో కరుణని అడిగాను. అంత తెల్లగా ఎందుకొస్తుందని. కరుణ ఏవో అణువులు, వెలుతురు, గింజల పరిమాణం అంటూ మొదలుపెట్టి, మధ్యలో ఆగి కిటికీలోకి చూసింది. "కారణం తెలుసు అత్తయ్యా. రోజూ చూస్తాను. అయినా ఒక్కోసారి పని ఆపేసి చూస్తూ ఉండిపోతాను" అంది. రోజూ పొద్దున్నే దానికి వాళ్ళ నాన్న నుంచి ఫోనొస్తుందట. మాస్కు పెట్టుకున్నావా, చేతులు కడుక్కున్నావా, ఈ రెండే మాటలు. ఆఫీసులో అందరూ నవ్వుతారట. మరి నాన్నకు ఎందుకంత భయమో దానికి తెలియదు. వాడు చెప్పలేదు.

నేను సంచిలోంచి చిన్న గుడ్డముడి తీశాను. నానమ్మ చనిపోయిన రోజు ఆవిడ చీరకొంగు చివర కట్టి ఉన్న ముడి అది, పొట్లం ఉండే చోటే. అమ్మ విప్పకుండా కత్తిరించి దాచింది. అమ్మ పోయాక నా దగ్గరికి వచ్చింది. విప్పి, పెసరగింజంత నల్లబడిన లోహపు బిళ్ళను కరుణ అరచేతిలో పెట్టాను. అమ్మలా ఊరుకోవాలనుకున్నాను, నా వల్ల కాలేదు. జరిగిందంతా చెప్పాను. కరుణ ఆ బిళ్ళను ఎగరేసి బరువు చూసింది, అచ్చం నానమ్మలాగే. దానికి ఎవరూ నేర్పలేదు.

"అంటే అత్తయ్యా, ఇది ఆ రాత్రికి నాన్నకి పెట్టాల్సిన మందు" అంది.

"ఆయ్. మీ నాన్న తినకుండా మిగిలింది."

కరుణ దాన్ని గుడ్డలో చుట్టి ముడివేసి నాకిచ్చింది. నా మోచెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి నడిపించి, నా రెండు చేతులకూ తనే సబ్బు రాసి, వేళ్ళ సందులు కూడా వదలకుండా కడిగింది.

ఇంతలో కరుణ ఫోను మోగింది. తమ్ముడు. మాటల మధ్య వాడి దగ్గు, ముసలి దగ్గు, వానాకాలం కదా. "అక్కొచ్చిందా? మాస్కు పెట్టేవా తనకి?" అంటున్నాడు.

"పెట్టేను నాన్నా" అంది కరుణ. "చేతులు కూడా కడిగేను."